30 రోజుల లెక్క, 30 ఏళ్ల బతుకు: గుండె వాల్వు చికిత్స ఫలితాలను ఎలా చదవాలి?

క్లుప్తంగా: గుండె వాల్వు జబ్బుతో ఆస్పత్రిలో చేరిన పెద్దవాళ్లలో ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయేవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. ఫలితాల్లో అసలు తేడా రెండు చోట్ల వస్తోంది. రోగి ఏ దశలో ఆస్పత్రికి చేరాడన్నది ఒకటి, ఇంటికెళ్లాక రక్తం పలచబరిచే మందు ఎంత కుదురుగా సాగిందన్నది రెండోది. ఐరోపా, అమెరికాల్లో ఇది ఎక్కువగా ముసలితనంలో వచ్చే జబ్బు. మన దగ్గర ఇప్పటికీ చాలామందిలో ఇది చిన్నప్పటి గొంతునొప్పి మిగిల్చిపోయిన జబ్బు. అందుకే అక్కడి అంకెలు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

## ఏ అంకె, ఎన్ని రోజులది?

వాల్వు ఆపరేషన్‌కు ముందు ఇంటివాళ్లు సర్జన్‌ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: ‘‘గ్యారంటీ ఎంత సార్?’’ నూటికి 95 అనో, 98 అనో జవాబు వస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అమెరికా థొరాసిక్ సర్జన్ల సొసైటీ ఏళ్ల తరబడి నిర్వహిస్తున్న రిజిస్ట్రీలో, అయోర్టిక్ వాల్వు (బృహద్ధమని కవాటం) ఒక్కటే మార్చినప్పుడు మరణాలు 2 శాతం అటూఇటూగా ఉంటాయి. మైట్రల్ వాల్వు (గుండె ఎడమ పైగదికీ, కిందిగదికీ మధ్య ఉండేది) మార్చినప్పుడు 5 శాతం అటూఇటూ, దాన్ని మార్చకుండా సరిచేసినప్పుడు 1 శాతం దరిదాపుల్లో ఉంటాయి. అయితే ఇవన్నీ ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోపు, లేదా ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేలోపు జరిగిన మరణాలు. ఇంటికెళ్లినవాళ్లకు 31వ రోజు ఏమైందన్నది ఈ లెక్కలోకి రాదు.

లెక్కలోకి రానివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు అసలు ఆపరేషన్ దాకా చేరనివాళ్లు. రుమాటిక్ గుండె జబ్బుపై (చిన్నప్పటి గొంతునొప్పి మిగిల్చిపోయే వాల్వు జబ్బు ఇదే) 24 దేశాల్లో 13,696 మందిని సగటున 3.2 ఏళ్లు గమనించిన అధ్యయనం 2024లో వెలువడింది. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన హృద్రోగ నిపుణుడు గణేశన్ కార్తికేయన్ అందులో ముఖ్య రచయిత. ఆ కాలంలో 15 శాతం మంది చనిపోయారు. అధ్యయనంలోని రోగుల సగటు వయసు సుమారు 43 ఏళ్లు, నూటికి 72 మంది ఆడవాళ్లు. మరణాల్లో ఎక్కువ భాగం గుండె వైఫల్యం వల్లనో, ఉన్నట్టుండి గుండె ఆగిపోవడం వల్లనో జరిగాయి. అదే కాలంలో వాల్వు ఆపరేషన్ అందినవాళ్లు 4.4 శాతం మాత్రమే. ఆపరేషన్ గానీ, బెలూన్ చికిత్స గానీ అందినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. సర్జన్ చెప్పే 95 పక్కన ఈ 4.4ను కూడా పెట్టి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

## గుండె నెట్టుకొచ్చే కాలమే ప్రమాదం

వాల్వు చేసే పని చాలా సాదా. రక్తాన్ని ఒకే దిక్కుకు వదలాలి, వెనక్కి రానీయకూడదు. రోజుకు లక్షసార్లు తెరుచుకుని మూసుకునే ఆ రెప్పలు చెడితే రెండు రకాలుగానే చెడతాయి. సరిగ్గా తెరుచుకోకపోతే సన్నబడటం, సరిగ్గా మూసుకోకపోతే లీకు. ఒకే వాల్వులో రెండూ ఉండటం కూడా మామూలే.

చిక్కంతా గుండె ఓపికతో వస్తుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే మైట్రల్ ద్వారం సగానికి తగ్గినా మనిషి పొలం పనికి పోతూనే ఉంటాడు. 1.5కు దిగాక తీవ్రమైందని లెక్క. అప్పటికి ఎడమ పైగదిలో రక్తం నిలవుండి, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడుతుంది. రాత్రి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే నయం. ఈ మాట చెప్పే రోగిని ఉబ్బసమనుకుని ఆవిరి పట్టించి పంపిన సందర్భాలు ఏ పెద్దాస్పత్రి గుండె విభాగంలో అడిగినా దొరుకుతాయి.

మైట్రల్ లీకులో మోసం ఇంకా లోతైనది. గుండె ఒక్క కొట్టుకి ఎంత శాతం రక్తాన్ని బయటికి తోస్తుందో చెప్పే అంకెను ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్ అని రాస్తారు. మామూలుగా 55 దాటితే ఫరవాలేదంటారు. వాల్వు లీకున్నప్పుడు తోసిన రక్తంలో కొంత వెనక్కి, ఒత్తిడి తక్కువున్న పైగదిలోకి పోతుంది. అంటే గుండె సులువైన దారిలో తోస్తూ బలంగా ఉన్నట్టు అగుపిస్తుంది. కండరం నిజానికి అలసిపోయినా ఈఎఫ్ 60 చూపించవచ్చు. లీకు మూసేశాక ఆ సులువు దారి ఉండదు, అప్పుడు అంకె ఒక్కసారిగా జారుతుంది. ‘ఆపరేషన్ చేశాక గుండె బలహీనమైంది’ అని బంధువులు అనుకునేది చాలాసార్లు ఇదే. బలహీనత ముందునుంచీ ఉంది, లీకు దాన్ని కప్పిపెట్టింది. అందుకే తీవ్రమైన మైట్రల్ లీకులో ఈఎఫ్ 60కి దిగినా, గుండె ముడుచుకున్నప్పటి ఎడమ కిందిగది వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినా, రోగికి ఏ ఇబ్బందీ లేకపోయినా ఆపరేషన్ ఆలోచించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయోర్టిక్ వాల్వు సన్నబడిన వాళ్లలో గడియారం మరీ వేగంగా తిరుగుతుంది. జాన్ రాస్, యూజీన్ బ్రాన్‌వాల్డ్ 1968లో ఇచ్చిన అంచనాను వైద్య విద్యార్థులు ఇప్పటికీ బట్టీ పడతారు: ఛాతీనొప్పి మొదలైతే సగటున 5 ఏళ్లు, కళ్లు తిరిగి పడిపోవడం మొదలైతే 3, గుండె వైఫల్యం మొదలైతే 2. ఇది వాల్వు మార్చని రోగి లెక్క. లక్షణాలు రాకముందే చేస్తే ఏమవుతుందో కొరియాలో 145 మందిపై జరిగిన పరీక్షలో తేలింది. 2020లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, వాల్వు బాగా సన్నబడినా ఏ ఇబ్బందీ లేనివాళ్లకు వెంటనే ఆపరేషన్ చేసిన గుంపులో ఆపరేషన్ వల్లో గుండె జబ్బుతోనో పోయినవాళ్లు 1 శాతం. లక్షణాలు వచ్చేదాకా ఆగిన గుంపులో 15 శాతం. సర్జన్ నైపుణ్యంలో ఏ తేడా లేకుండా, కాలం ఒక్కటే మారితే ఫలితం ఇంత మారింది.

## ఒకే పేరు, రెండు జబ్బులు

ఐరోపాలో 28 దేశాల్లో 2017లో జరిపిన వాల్వు వ్యాధుల సర్వేలో 7,247 మంది ఉన్నారు, అందులో 4,483 మంది ఆస్పత్రిలో చేరినవాళ్లు. వాళ్లలో ఎక్కువగా కనిపించింది వయసుతోపాటు సున్నం పేరుకుని గట్టిపడిన అయోర్టిక్ వాల్వు. లక్షణాలున్న అలాంటి రోగుల్లో నూటికి సుమారు 79 మందికి మార్గదర్శకాల ప్రకారం వాల్వు చికిత్స నిర్ణయమైంది. 2000ల ఆరంభంలో ఇదే తరహా సర్వేలో, 75 దాటిన వాళ్లలో మూడోవంతు మందికి వయసు పేరు చెప్పి ఆపరేషన్ వద్దన్నారు. 2017 నాటికి ఆ తిరస్కారం తగ్గింది.

రెండో జబ్బు మనకు బాగా తెలిసినది. బడిపిల్లకు గొంతునొప్పి వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా పై పొరలోని ప్రొటీన్ మన గుండె కణజాలాన్ని పోలి ఉంటుంది. శత్రువును కొట్టబోయిన రోగనిరోధక శక్తి పోలిక చూసి సొంతింటినీ కొడుతుంది. కీళ్లు వాస్తాయి, జ్వరం తగ్గుతుంది, పిల్ల మళ్లీ బడికెళుతుంది. రెప్పలు మాత్రం ఏళ్ల తరబడి మందంగా మారి, అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాతికేళ్ల వయసులో, చాలాసార్లు కడుపుతో ఉన్నప్పుడు, బయటపడుతుంది. గర్భంలో ఒంట్లో రక్తద్రవం 40 శాతానికి పైగా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. సన్నబడిన ద్వారం గుండా అంత రక్తం పోలేదు. అయిదో నెల దాటాక ఆయాసంతో వచ్చిన గర్భిణికి ఎకో తీస్తే మైట్రల్ ద్వారం వేలి మొన పట్టేంత కూడా ఉండదు.

ఆఫ్రికాలోని 12 దేశాలతోపాటు యెమెన్, భారత్‌లలో 3,343 మంది రుమాటిక్ రోగులను నమోదు చేసిన రెమెడీ రిజిస్ట్రీలో రెండేళ్లలో 16.9 శాతం మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో మధ్యస్థ వయసు 28.7 ఏళ్లు. ఐరోపా సర్వేలో రోగి తాతయ్య అయితే, ఈ రిజిస్ట్రీలో రోగి చంకలో బిడ్డ ఉన్న తల్లి. రెండు చోట్లా జబ్బు పేరు ‘వాల్వు వ్యాధి’ అనే ఉంటుంది.

ఈ జబ్బును మొదట్లోనే ఆపే మందు కొత్తదేమీ కాదు. బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, 3 నుంచి 4 వారాలకొకటి. ఉగాండాలో 818 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, ఎకోలో మాత్రమే కనిపించే తొలి దశ జబ్బు రెండేళ్లలో ముదిరింది ఇంజెక్షన్ తీసుకున్న గుంపులో 0.8 శాతం మందిలో. తీసుకోని గుంపులో 8.2 శాతం. తేడా పదింతలు. అయినా ‘పెన్సిలిన్ అంటే రియాక్షన్’ అన్న భయంతో ఇంజెక్షన్ వేయడానికి జంకే క్లినిక్‌లు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి. ఆ భయానికి ఒక కొత్త కోణం కూడా చేరింది. ఇంజెక్షన్ వేసిన కాసేపటికి చనిపోయిన సందర్భాల్లో చాలావాటికి కారణం అలర్జీ కాదని, అప్పటికే బాగా పాడైన గుండె సూది నొప్పికి, భయానికి తట్టుకోలేక కుప్పకూలడం కావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో సూచించింది. తీవ్రమైన వాల్వు జబ్బుతో లక్షణాలున్నవాళ్లకు, గుండె బలం తగ్గినవాళ్లకు మాత్రల రూపంలో ఇవ్వడం మేలని చెప్పింది. ఇంజెక్షన్‌నే మానేయమని కాదు, ఎవరికి ఏది ఇవ్వాలో వేరు చేయమని.

## బెలూన్ చేసే పని

రుమాటిక్ మైట్రల్ సన్నబడటానికి ఉన్న చికిత్సల్లో ఖర్చుకు, ఫలితానికి మధ్య ఇంత మంచి పొత్తు కుదిరింది మరోటి లేదనిపిస్తుంది. జపాన్ సర్జన్ కాంజి ఇనోవే 1980ల్లో రూపొందించిన బెలూన్ ఇది. తొడ దగ్గరి సిరలోంచి తీగ పోనిచ్చి, గుండె కుడి పైగదికి చేరి, రెండు పైగదుల మధ్య గోడకు సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమకు దాటుతారు. బెలూన్ మూడు దశల్లో ఉబ్బుతుంది: మొదట ముందు భాగం, అది వాల్వుకు కొక్కెంలా పట్టుకుంటుంది, తర్వాత వెనక భాగం, చివరికి నడుము. ఆ నడుము విచ్చుకున్నప్పుడు అతుక్కున్న అంచులు విడిపోతాయి. క్షణాల పని. ఎడమ పైగదిలో ఒత్తిడి బల్ల మీదే పడిపోతుంది. నిన్నటిదాకా దిండ్లు పేర్చుకుని కూర్చుని నిద్రపోయిన రోగి ఆ రాత్రి వెల్లకిలా పడుకుంటుంది.

ఇది అందరికీ పనికిరాదు. రెప్పలు ఎంత మందంగా ఉన్నాయి, ఎంత కదులుతున్నాయి, సున్నం ఎంత చేరింది, కింది తాళ్లు ఎంత ముడుచుకున్నాయి అనే నాలుగింటికి ఎకోలో మార్కులేస్తారు. మొత్తం 8 లోపుంటే బెలూన్‌తో మంచి ఫలితం ఆశించవచ్చు. ఆలస్యమైన కొద్దీ మార్కులు పెరుగుతాయి, దాంతో బెలూన్‌కు సరిపోయే రోగి ఆపరేషన్ రోగిగా మారుతుంది. పైగదిలో గడ్డ ఉన్నా, లీకు ఎక్కువున్నా బెలూన్ వేయరు. ఏళ్లు గడిచాక అంచులు మళ్లీ అతుక్కోవచ్చు కూడా. అయినా ఇరవైల్లో ఉన్న మనిషికి వాల్వు మార్పిడిని పదేళ్లు వాయిదా వేయడమంటే చిన్న లాభం కాదు. ఆ పదేళ్లలో పిల్లల్ని కనవచ్చు.

## లోహమా, జంతు కణజాలమా?

మార్చక తప్పనప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ 1960లో అమెరికాలో పంజరంలో బంతి లాంటి వాల్వును మైట్రల్ స్థానంలో విజయవంతంగా అమర్చినప్పటి నుంచీ సూత్రం మారలేదు. లోహపు వాల్వు అరగదు, కానీ దానిమీద రక్తం గడ్డకడుతుంది. కణజాలపు వాల్వు మీద గడ్డ కట్టడం తక్కువ, కానీ అది అరుగుతుంది. పంది వాల్వుతోనో, ఆవు గుండె పొరతోనో చేసినవి సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు ఆడతాయి. వయసు తక్కువుంటే ఇంకా ముందే పాడవుతాయి.

లోహపు వాల్వు కథలో మన దేశానికి సొంత అధ్యాయం ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో ఎం.ఎస్.వలియథాన్ నేతృత్వంలో పుష్కరకాలం సాగిన పరిశోధనలో మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలిచింది. కోబాల్ట్-క్రోమియం మిశ్రమలోహపు చట్రం, అందులో ఒరిగి తెరుచుకునే ప్లాస్టిక్ బిళ్ల. 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. టీటీకే చిత్ర పేరుతో లక్షకు పైగా రోగుల్లో చేరింది. విదేశీ వాల్వు కొనలేని వాళ్లకు ఆపరేషన్ అందుబాటులోకి రావడంలో దీని పాత్ర పెద్దది.

వయసు గీత ఎక్కడ గీయాలన్నదానిపై కాలిఫోర్నియా రోగుల రికార్డులతో 2017లో వచ్చిన విశ్లేషణను తరచూ చెబుతారు. లోహపు వాల్వు వల్ల ఆయుష్షు లాభం అయోర్టిక్ స్థానంలో 55 ఏళ్ల దాకా, మైట్రల్‌లో 70 ఏళ్ల దాకా కనిపించింది. ఈ గీతలో ఒక షరతు దాగుంది. అది రక్తపరీక్ష వీధి చివర దొరికే చోటి లెక్క. పరీక్షకు బస్సెక్కి 60 కిలోమీటర్లు పోవాల్సిన తండాలోని 35 ఏళ్ల మనిషికి అదే గీత వర్తిస్తుందా? వర్తించకపోతే కణజాలం పెట్టాలి. పెడితే 50 ఏళ్లలోపే రెండోసారి రొమ్ము ఎముక కోయాలి. సులువైన జవాబు లేదు. ఉందని ఎవరైనా అంటే రోగి ఊరు, పని, చదువు అడగకుండానే చెబుతున్నారని అర్థం.

ఆడవాళ్ల విషయంలో చిక్కు రెట్టింపు. లోహపు వాల్వుతో గర్భం దాల్చిన 212 మందిని అంతర్జాతీయ రిజిస్ట్రీ రోపాక్ గమనించింది. ఏ తీవ్ర ఇబ్బందీ లేకుండా బిడ్డను కన్నవాళ్లు 58 శాతమే. 4.7 శాతం మందిలో వాల్వు మీద గడ్డ కట్టింది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర తొలి నెలల్లో బిడ్డకు హాని చేయగలదు. దాన్ని ఆపి హెపారిన్ ఇంజెక్షన్‌కు మారితే తల్లి వాల్వుకు ముప్పు. పెళ్లి కావలసిన అమ్మాయికి వాల్వు ఎంచేటప్పుడు ఈ సంగతులు సంతకాల కాగితం మీద ఒక గీతగా మిగిలిపోకూడదు.

## కోయకుండా మార్చే వాల్వు

ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలైన్ క్రిబియే 2002 ఏప్రిల్‌లో తొలిసారి రక్తనాళం గుండా అయోర్టిక్ వాల్వును అమర్చారు. టావి అని పిలుస్తున్న ఈ పద్ధతి ఆపరేషన్‌కు పనికిరారని వదిలేసిన ముసలివాళ్లకు కొత్త దారి తెరిచింది. 2010లో వచ్చిన పార్ట్‌నర్ పరీక్షలో అలాంటి రోగుల్లో ఏడాదిలో చనిపోయినవాళ్లు మందులతో నడిపిన గుంపులో 50.7 శాతం, టావి గుంపులో 30.7 శాతం. అయిదుగురికి వాల్వు పెడితే ఏడాదిలో ఒక ప్రాణం దక్కినట్టు. గుండె చికిత్సల్లో ఇంత తేడా అరుదు. 2019 నాటికి ముప్పు తక్కువున్న రోగుల్లోనూ తొలి ఏడాది ఫలితాలు ఆపరేషన్ కంటే మెరుగనిపించాయి. అయిదేళ్లకు వచ్చేసరికి ఆ తేడా చాలావరకు కరిగింది. మన దేశంలో గుజరాత్‌కు చెందిన మెరిల్ సంస్థ తయారుచేసిన మైవాల్, విదేశీ వాల్వులతో పోల్చిన 2024 నాటి ల్యాండ్‌మార్క్ పరీక్షలో వాటికి తీసిపోదని తేలింది.

అయితే టావి వాల్వు నిలబడేది పాత వాల్వులో పేరుకున్న సున్నాన్ని పట్టుకుని. రుమాటిక్ వాల్వులో అంత సున్నం తరచుగా ఉండదు. అలాంటి రోగులను పెద్ద పరీక్షల్లో చేర్చుకోలేదు కూడా. అంటే మన వార్డుల్లో యువ రోగులకు ఈ విప్లవం పెద్దగా ఒరగబెట్టేది లేదు.

మైట్రల్ లీకును క్లిప్పుతో బిగించే చికిత్సపై 2018లో రెండు పరీక్షలు వెలువడ్డాయి. క్లిప్పు ఒకటే, ఫలితాలు వేరు. అమెరికా, కెనడాల్లో నడిచిన కోయాప్ట్‌లో రెండేళ్ల మరణాలు 46.1 నుంచి 29.1 శాతానికి తగ్గాయి. ఫ్రాన్స్‌లో నడిచిన మిత్రా-ఎఫ్ఆర్‌లో ఏ తేడా లేదు. వివరణల్లో ఎక్కువమంది ఒప్పుకునేది ఒకటుంది. ఫ్రెంచి పరీక్షలోని రోగుల గుండెలు అప్పటికే ఎక్కువ సాగిపోయి ఉన్నాయి, లీకు దానితో పోలిస్తే చిన్నది. అక్కడా సమస్య సాధనంలో లేదు, రోగి ఏ దశలో వచ్చాడన్నదాంట్లోనే ఉంది.

వాల్వు మీద ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) వేరే వ్యాసానికి సరిపడే విషయం. ఇక్కడ ఒక్క అంకె చాలు. 40 దేశాల్లో 3,116 మందితో సాగిన యూరో-ఎండో రిజిస్ట్రీలో ఆస్పత్రిలోనే చనిపోయినవాళ్లు 17 శాతం. పిప్పిపన్ను, చిగుళ్ల చీము దీనికి దారులు కాబట్టి వాల్వు రోగికి పళ్ల డాక్టర్ కూడా గుండె డాక్టరే.

## ఇంటికెళ్లాక మొదలయ్యే లెక్క

డిశ్చార్జి కాగితంలో మందుల జాబితాలో ఒక వరుస మిగతావాటిలా ఉండదు: ‘అసిట్రోమ్ 2 మి.గ్రా., 3 మి.గ్రా. రోజు మార్చి రోజు, సాయంత్రం 6 గంటలకు’. రక్తం పలచబరిచే మందు అదే. పక్కన ‘ఐఎన్ఆర్ 2.5–3.5’. బీపీ మాత్ర ఒకపూట మర్చిపోతే పెద్దగా ఏమీ కాదు. ఇది అలాంటిది కాదు. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పే నిష్పత్తి. మామూలు మనిషికి 1. లోహపు మైట్రల్ వాల్వున్నవాళ్లకు 3 అటూఇటూ. 2 కంటే దిగితే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, బిళ్ల కదలకుండా బిగుసుకుపోవచ్చు. బాగా పైకి పోతే మెదడులో రక్తస్రావం. రెండు గట్ల మధ్య సన్నటి కాలువ, బతికినన్నాళ్లూ అందులోనే పోవాలి.

ఈ కాలువ గట్లు తెంచేవి పెద్ద విషయాలేమీ కావు. కాలేయం విటమిన్-కె సాయంతో గడ్డకట్టే పదార్థాలను తయారుచేస్తుంది. మందు ఆ సాయాన్ని అడ్డుకుంటుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న మన ఆచారం ప్రకారం వారం రోజులు వరసగా తింటే ఐఎన్ఆర్ దిగిపోవచ్చు. తోటకూర, పాలకూరలూ అంతే. ఆకుకూరలు మానేయమని చెప్పడం పొరపాటు. ఎప్పుడూ తినేంతే తినాలి, ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. విరేచనాలకు మెట్రోనిడజోల్ వాడితే ఐఎన్ఆర్ పైకి ఎగబాకుతుంది. టీబీ మందు రిఫాంపిసిన్ వాడితే పాతాళానికి పోతుంది. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పిరుదులో గుమ్మడికాయంత రక్తపు గడ్డ తెచ్చిపెట్టగలదు.

లోహపు వాల్వున్న మనిషికి, రాత్రి ఫ్యాన్ ఆగి ఇల్లు సద్దుమణిగితే, తన ఛాతీలోంచి గడియారంలా టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. పక్కన పడుకున్నవాళ్లకూ వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టనీయని ఆ చప్పుడుకు కొన్నాళ్లకు ఇల్లంతా అలవాటు పడుతుంది. అది ఉన్నట్టుండి మెత్తబడినా, వినిపించకపోయినా, ఆయాసం తోడైతే వాల్వు బిగుసుకున్నట్టు అనుమానించాలి. అది గంటలు లెక్కబెట్టుకోవలసిన అత్యవసర పరిస్థితి. గడ్డ కరిగించే మందుకో, మళ్లీ ఆపరేషన్‌కో పోవాలి. డిశ్చార్జి రోజున ఈ ఒక్క సంగతి ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పి పంపితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

పరీక్షలు అక్కరలేని కొత్త మాత్రలున్నాయి కదా అన్నది సహజమైన ప్రశ్న. లోహపు వాల్వులో డాబిగాట్రాన్‌ను ప్రయత్నించిన రీఅలైన్ పరీక్షను గడ్డలు, రక్తస్రావాలు రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పినవాళ్లలో కొత్త మాత్ర రివరాక్సబాన్‌ను వార్ఫరిన్ తరహా పాత మందుతో పోల్చిన ఇన్విక్టస్ పరీక్ష (2022, 24 దేశాలు, 4,500 మందికి పైగా) అందరినీ ఆశ్చర్యపరిచింది. పాత మందు గుంపులోనే మరణాలు తక్కువ. అదీ, ఐఎన్ఆర్ సరైన పరిధిలో ఉన్నవాళ్లు ఏ దశలోనూ మూడింట రెండొంతులకు మించకుండానే. కణజాలపు వాల్వున్నవాళ్లకు తొలి నెలలు దాటాక కొత్త మాత్రలకు చోటుంది. లోహపు వాల్వుకు, తీవ్ర రుమాటిక్ మైట్రల్ సన్నబడటానికి మాత్రం లేదు. ‘పరీక్షల గోల ఉండదు’ అని మందుల షాపు సలహాతో మార్చుకోవడం ప్రాణాంతకం కాగలదు.

## పథకం ఎక్కడిదాకా వస్తుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, వాల్వు ఆపరేషన్‌ను అప్పు చేసి చేయించుకునే స్థితి నుంచి కార్డు చూపించి చేయించుకునే స్థితికి తెచ్చింది. అంతకుముందు పేదలకు దిక్కు నిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థలు, 1991లో పుట్టపర్తిలో తెరిచిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ లాంటి ఉచిత ఆస్పత్రులే. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఎంపిక చేసిన కొన్ని చికిత్సలకు ఏడాది వరకు పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలూ పథకంలో పెట్టారు.

ఏడాది తర్వాతి మాత్ర రోగి జేబులోంచి వస్తుంది. మాత్ర ఖరీదు పెద్దది కాదు. పరీక్షకు పోయే రోజు కూలి పోతుంది, చార్జీలు పోతాయి, రిపోర్టు చూసి మోతాదు మార్చే డాక్టర్ ఆ ఊళ్లో ఉండడు. ‘బాగానే ఉన్నాను కదా’ అని రెండు నెలలు పరీక్ష మానేయడానికి ఇవి చాలు. బీమా లెక్కల్లో ఆ రోగి అప్పటికే విజయవంతమైన కేసుగా మూసివేసిన ఫైలు. పథకాల పనితీరును ‘ఎన్ని ఆపరేషన్లు చేశాం’ అన్నదానితో కాక ‘అయిదేళ్లకు ఎంతమంది ఉన్నారు’ అన్నదానితో కొలిస్తే ఈ ఖాళీ బయటపడుతుంది.

ఖాళీని పూడ్చే సాధనం లేక కాదు. చక్కెర పరీక్ష చేసే గ్లూకోమీటర్ లాంటిదే ఐఎన్ఆర్‌కూ ఉంది. వేలికొస నుంచి ఒక చుక్క రక్తం, నిమిషంలో అంకె. 11 పరీక్షల్లోని 6,417 మంది వివరాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణలో, ఇలా సొంతంగా చూసుకున్నవాళ్లలో గడ్డల ముప్పు దాదాపు సగానికి తగ్గింది. 55 ఏళ్లలోపువాళ్లలో, లోహపు వాల్వున్నవాళ్లలో లాభం స్పష్టంగా కనిపించింది. మన వార్డుల్లోంచి ఇంటికెళుతున్న రోగులు సరిగ్గా ఆ రెండు కోవలవాళ్లే. జర్మనీలో ఈ యంత్రాన్ని, స్ట్రిప్పులను ఆరోగ్య బీమాయే ఇస్తోంది. ఇంటికో యంత్రం ఇక్కడ మోయలేని ఖర్చే కావచ్చు. ఉపకేంద్రానికి ఒకటి పెట్టి, వచ్చిన అంకెను ఏఎన్ఎం ఫోన్లో ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి చెబితే, అక్కడి డాక్టర్ ఆ సాయంత్రం మాత్ర 2 వేసుకోవాలో 3 వేసుకోవాలో చెప్పగలడు.